చుక్కా, గీతలా? స్కోపు మార్చే ముందు

ఒహాయో నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 54, సొంతూరు ఖమ్మం దగ్గర. అమెరికాలో స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటింది, పౌరసత్వమూ వచ్చింది. ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకరు తన క్లబ్బుకు తీసుకెళ్తే మూడేళ్ళ కిందట బెంచ్‌రెస్ట్ షూటింగ్ మీద మనసు పడింది. తెలియనివారి కోసం రెండు మాటలు: కాంక్రీటు బల్ల ముందు కూర్చుని, రైఫిల్ ముందు భాగాన్ని రెస్టు మీద, వెనక భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, దూరంగా ఉన్న కాగితం మీదికి కొట్టే ఆట ఇది. కండబలంతో పెద్దగా పని లేదు. రైఫిల్, తూటా, గాలి, కన్ను, వీటితోనే పని.

ఈయన మొదట .22 రైఫిల్‌తో 50 గజాల దగ్గర ఏఆర్ఏ (.22 బెంచ్‌రెస్ట్ పోటీలు నడిపే సంస్థ) మ్యాచ్‌లు ఆడారు. షాపువాళ్ళ మాట మీద 5 నుంచి 25 రెట్ల దాకా పెద్దదిగా చూపే (5-25 పవరు), ముందు అద్దం 56 మిల్లీమీటర్లుండే టాక్టికల్ స్కోపు, అంటే రైఫిల్ మీద బిగించే టెలిస్కోపు, కొన్నారు. అందులో మధ్య నుంచి కిందికి కొమ్మలు కొమ్మలుగా గీతలు, అంకెలు ఉంటాయి. ఈ మధ్య 100 గజాల గ్రూపు మ్యాచ్‌ల (బుల్లెట్లు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచే పోటీల) కోసం 6 పీపీసీ (6 మిల్లీమీటర్ల తూటా రకం) రైఫిల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. ఇప్పుడు దానికి స్కోపు కావాలి. క్లబ్బులో ఇద్దరు పెద్దమనుషులు ఈయనను సొంత తమ్ముడిలా చూసుకుంటున్నారు. ఒకాయన "సన్నటి క్రాస్‌హెయిర్ తప్ప ఇంకేదీ ముట్టుకోకు" అంటారు. రెండో ఆయన "1/8 డాట్ లేకుండా గ్రూపు కొట్టడం దండగ" అంటారు. క్రాస్‌హెయిర్ అంటే నడుమ కలిసే అడ్డగీత, నిలువుగీత; డాట్ అంటే మధ్యలో చిన్న చుక్క, 1/8 దాని సైజు. స్కోపులో గురికోసం కనిపించే ఈ గుర్తునే రెటికిల్ అంటారు. ఇద్దరూ ఎన్నో బహుమతులు గెలిచినవాళ్ళే.

ఈలోగా స్కోరు పడిపోతోంది. పొద్దున పూట గీతలు చక్కగా కనిపిస్తాయి, మధ్యాహ్నానికి మసకబారతాయి. ప్రోగ్రెసివ్ కళ్ళజోడు (పైన దూరానికి, కింద దగ్గరికి పవరు మారే అద్దాలు), కొద్దిగా సిలిండర్ పవరు (అస్టిగ్మాటిజానికి), ఆరేళ్ళుగా షుగరు. ఇంట్లో ఆవిడ "ముందు కళ్ళు చూపించుకోండి, తర్వాత డబ్బులు తగలేద్దురుగాని" అన్నారట. హైదరాబాద్‌లో ఉన్న బావగారు ఫోనులో ఎగతాళి చేస్తున్నారు: "గగన్ నారంగ్ స్కోపు పెట్టుకునే మెడల్ తెచ్చాడా?" అని. చివరికి ఆయన ప్రశ్న: "ఏ రెటికిల్ తీసుకోమంటారు? ఒక పెద్దాయన మాట వింటే రెండో ఆయన నొచ్చుకుంటారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెటికిల్ గురించి అడిగారు గానీ, మీరు రాసిన ఇబ్బందుల్లో సగం రెటికిల్ మారిస్తే పోయేవి కావు. కొత్త స్కోపు పెట్టాక కూడా మధ్యాహ్నం మసక అలాగే ఉంటే అప్పుడు రైఫిల్ మీద అనుమానం, ఆ తర్వాత తూటాల మీద అనుమానం. అందుకని ముందు మసక సంగతి తేల్చుకుందాం.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వచ్చే శనివారం మధ్యాహ్నం మసక మొదలవగానే ఆగి, మసకగా ఉన్నది కాగితమా, గీతలా అని చూడండి. గీతలు నల్లగా, పదునుగా ఉండి, కాగితం మీది రింగులు నీళ్ళలో ఊగినట్టు కదులుతుంటే అది ఎండవేడికి లేచే మిరాజ్. స్కోపులోపలి గీతలను మిరాజ్ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ వేడిగాలి స్కోపుకు బయట ఉంటుంది. నేల మీది వేడికి మనం చేయగలిగింది లేదు గానీ, వేడెక్కిన బ్యారెల్ మీంచి స్కోపు ముందుకు లేచే తరగలకు మందు ఉంది. బెంచ్‌రెస్ట్ వాళ్ళు స్కోపు ముందు పొడవాటి గొట్టం తగిలిస్తారు చూడండి, అది అందుకే. అట్టతో చేసుకున్నా పనిచేస్తుంది.

అలాకాక గీతలే మసకబారాయనుకోండి, తప్పు మీ కంటిదో, కళ్ళజోడుదో, స్కోపు వెనక ఫోకస్‌దో. మీ ఉత్తరాన్ని బట్టి నాకు ఇదే ఎక్కువ అనిపిస్తోంది. ఆవిడ చెప్పిందే సరైన మొదటి అడుగు. మీకు సలహా ఇచ్చిన అందరిలోకీ అసలు విషయం పట్టుకున్నది ఆవిడే.

షుగరు హెచ్చుతగ్గులయినప్పుడు కంట్లోని లెన్సు పవరు కూడా కాస్త మారుతుంది. పొద్దున పరగడుపున సరిగ్గా కుదిరిన ఫోకస్ భోజనం తర్వాత కుదరకపోవచ్చు. మ్యాచ్ రోజున మీరు ఏం తింటున్నారో, ఎప్పుడు తింటున్నారో ఒకసారి చూసుకోండి. కళ్ళ డాక్టరుకు మీ షుగరు లెక్కలు చూపించండి. శుక్లం మొదలైందేమో, రెటీనా ఎలా ఉందో చూడమని అడగండి. షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి, షూటింగ్ ఉన్నా లేకపోయినా.

తర్వాత ప్రోగ్రెసివ్ కళ్ళజోడు. ఇది ఆఫీసుకు మంచిదే. బెంచి మీద మాత్రం శత్రువు. బల్ల మీదికి వంగి చెంప స్టాకు (రైఫిల్ వెనక భాగం) దగ్గరికి తెచ్చినప్పుడు మీరు అద్దం నడిమధ్య నుంచి చూడరు, పైఅంచు నుంచో ముక్కువైపు మూల నుంచో చూస్తారు. ప్రోగ్రెసివ్ అద్దంలో అంచుల దగ్గర, ముఖ్యంగా పక్కల, బొమ్మ వంకరపోతుంది. తల అర అంగుళం కదిలితే పవరు మారిపోతుంది. షూటింగ్ కోసం విడిగా దూరపు చూపు పవరు మాత్రమే ఉన్న మామూలు అద్దాలు చేయించుకోండి, మీ సిలిండర్ పవరుతో సహా. స్కోపు వెనక తిప్పే ఫోకస్ రింగు సిలిండర్‌ను సరిచేయలేదు. అడ్డగీత పదునుగా ఉండి నిలువుగీత మసకగా ఉంటే, తల కాస్త పక్కకు వంచి చూడండి. మసక ఒక గీత నుంచి ఇంకో గీతకు మారితే అది మీ కంట్లో సంగతే, స్కోపును తిట్టి లాభం లేదు.

కొత్త అద్దాలు వచ్చాక స్కోపు వెనక ఫోకస్ మళ్ళీ పెట్టుకోండి. తెల్లటి ఆకాశం వైపో, ఖాళీ తెల్లగోడ వైపో స్కోపు తిప్పి (సూర్యుడికి దూరంగా), రెండు సెకన్లు మాత్రం చూసి కన్ను తీసేయండి. మొదటి చూపులోనే గీత పదునుగా ఉండాలి. లేకపోతే రింగు కొంచెం తిప్పి మళ్ళీ చూడండి. చిన్న వయసులో కన్ను తనంతట తాను సర్దుకుంటుంది కాబట్టి ఇది తప్పుగా ఉన్నా పెద్దగా తెలియదు. 54 ఏళ్ళకు ఆ సర్దుబాటు దాదాపు పోయి ఉంటుంది. మూడేళ్ళ కిందట పెట్టిన ఫోకస్ ఇప్పుడు సరిపోతుందని అనుకోకండి.

ఆ తర్వాత పారలాక్స్, అంటే తల కదిలితే గురి కూడా కదిలినట్టు కనిపించడం. రైఫిల్‌ను సంచుల మీద పెట్టి, చెయ్యి తగలకుండా, తల మాత్రం పైకీ కిందికీ కొద్దిగా ఆడించండి. గీతలు కాగితం మీద జారుతున్నట్టు కనిపిస్తే స్కోపు పక్కనున్న మర తిప్పుతూ పోండి. జారడం ఆగిన చోటే మీకు సరైన చోటు. ఆ మర మీద 50, 100 అని రాసి ఉన్న అంకెలను నమ్మకండి, అవి సుమారు లెక్కలు. ఇంకో గుర్తు: బొమ్మ పదునుగా ఉన్నచోట గీతలు జారుతున్నాయి, గీతలు జారని చోట బొమ్మ మసకగా ఉంది అంటే వెనక ఫోకస్ తప్పుగా ఉందని అర్థం. అక్కడికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇవన్నీ అయ్యాక అసలు ప్రశ్నకు వద్దాం. మీ పెద్దమనుషులిద్దరి గొడవ విడదీయడానికి కావలసిన ముక్క మీ ఉత్తరంలోనే ఉంది. మీరు దాన్ని గమనించినట్టు లేదు. క్రాస్‌హెయిర్ అనే ఆయన 30 బీఆర్ (30 క్యాలిబర్ తూటా రకం) రైఫిల్ వాడతారని రాశారు. డాట్ అనే ఆయన మీలాగే 6 పీపీసీ. అంటే మొదటాయన స్కోరు మ్యాచ్‌లు ఆడే మనిషి, రెండో ఆయన గ్రూపు మ్యాచ్‌లు ఆడే మనిషి. రెండూ బెంచ్‌రెస్టే గానీ కాగితాలు వేరు.

ఐబీఎస్ అనే బెంచ్‌రెస్ట్ సంస్థ వారి స్కోరు మ్యాచ్‌లో 100 గజాల కాగితం మీద పది పాయింట్ల రింగు వ్యాసం అరంగుళం, దాని నడిమధ్య ఎక్స్ చుక్క అంగుళంలో పదహారో వంతు. బుల్లెట్ చిల్లు అంచు ఆ చుక్కను తగిలితే ఎక్స్ వస్తుంది. 30 క్యాలిబర్ బుల్లెట్ వెడల్పు ఎక్కువ కాబట్టి చుక్కను తాకే అవకాశం ఎక్కువ, అందుకే వాళ్ళంతా 30 బీఆర్ వైపు వెళ్ళారు. ఇప్పుడు రెటికిల్ లెక్క చూడండి. ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. 1/8 ఎంఓఏ డాట్ అక్కడ 0.13 అంగుళాల మేర కప్పుతుంది. ఎక్స్ చుక్క 0.0625 అంగుళాలు. డాట్ పెట్టగానే ఆయన కొట్టాల్సిన చుక్క దాని వెనక పూర్తిగా మాయమవుతుంది. సన్నటి గీతలు అయితే ఆ చుక్కను నాలుగు ముక్కలుగా కోసినట్టు కనిపిస్తాయి. ఆయనకు డాట్ అంటే చిరాకు రావడంలో ఆశ్చర్యం ఏముంది?

గ్రూపు మ్యాచ్‌లో బుల్లెట్లు కాగితం మీద ఎక్కడ పడ్డాయన్నది ముఖ్యం కాదు, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదే కొలుస్తారు. అయిదు చిల్లుల్లో ఎడంగా ఉన్న రెండింటి మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి. చాలామంది గురి పెట్టే చోటు వేరు, బుల్లెట్లు పడే చోటు వేరుగా ఉండేలా స్కోపు సర్దుకుంటారు, గురి పెట్టే గుర్తు చిరిగిపోకుండా. అంటే డాట్ వెనక ఏం దాగినా నష్టం లేదు. ప్రతిసారీ డాట్‌ను ఒకేచోట నిలబెట్టగలిగితే చాలు. ఒక రింగు నడుమ గుండ్రటి చుక్కను నిలబెట్టడం కంటికి సులువు, చుట్టూ ఉన్న తెలుపు సమానంగా ఉందో లేదో లెక్కపెట్టకుండానే తెలిసిపోతుంది.

మీ బావగారికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు నిషేధం, కాబట్టి ఆయన స్కోపు వాడలేదన్నది నిజమే. కానీ ఆ రైఫిల్ ముందు సైటులో ఏముంటుందో అడగండి: ఒక రింగు. ఆ రింగు నడుమ నల్లటి గుండ్రటి గురిని సమానంగా కూర్చోబెడతారు. పదో పాయింటు చుక్క అరమిల్లీమీటరు. దాన్ని ఎవరూ చూసి కొట్టరు, రింగులో రింగు పెట్టి కొడతారు. మీ రెండో పెద్దాయన డాట్ వెనక ఉన్నదీ అదే సూత్రం. ఆ 10 మీటర్ల పోటీలో రైఫిల్‌ను చేతుల్లో పట్టుకుని నిలబడి కొడతారు, మీరు సంచుల మీద పెట్టి కొడతారు. ఆటలు వేరు, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని తక్కువ చేయడంలో అర్థం లేదు.

అయితే మీరు ఆడేది ఏమిటి? 50 గజాల ఏఆర్ఏ, 100 గజాల గ్రూపు. ఏఆర్ఏలో ఇరవై నిమిషాల్లో 25 బుల్స్ (కాగితం మీది గురులు) కొట్టాలి, ఒక్కోదానికి గరిష్ఠంగా 100, మొత్తం 2500. అక్కడ చిల్లు గీతను తాకితే తక్కువ పాయింటే ఇస్తారు, ఐబీఎస్ స్కోరుకు పూర్తి వ్యతిరేకం. 50 గజాల దగ్గర 1/8 డాట్ కప్పేది 0.065 అంగుళాలే. .22 చిల్లులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి మీ రెండు ఆటలకూ డాట్ అడ్డం కాదు. స్కోరు మ్యాచ్‌లలోకి వెళ్ళే ఉద్దేశం రెండు మూడేళ్ళలో ఉంటే మాత్రం మొదటాయన మాట బరువు పెరుగుతుంది. ఆ సంగతి తేల్చుకోవాల్సింది మీరే.

డాట్ ఎంత ఉండాలన్నది మీ కంటిని బట్టి ఉంటుంది. కళ్ళ డాక్టరు చార్టులో 20/20 వరుస, మన దగ్గర 6/6 అంటారే, ఆ అక్షరం ఎత్తు కంటి దగ్గర 5 నిమిషాల కోణం చేస్తుంది. 1/8 డాట్‌ను 36 పవరు స్కోపులో చూస్తే అది 4.5 నిమిషాలుగా కనిపిస్తుంది. అంటే ఆ వరుస తడబడకుండా చదవగలిగితే 1/8 డాట్ మీకు హాయిగా కనిపిస్తుంది. 1/16 డాట్ అందులో సగం, 2.25 నిమిషాలు. పొద్దున బాగానే ఉంటుంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం, నల్ల సిరా మీద, మీరు దాని కోసం వెతుక్కుంటారు, ఇరవై నిమిషాల్లో ఆ వెతుకులాటకు టైము లేదు. 1/4 డాట్ ఎప్పుడూ కనిపిస్తుంది గానీ 100 గజాల దగ్గర 0.26 అంగుళాలు కప్పుతుంది, మీ 6 మిల్లీమీటర్ల చిల్లు కన్నా పెద్దది. 50 గజాల ఆటకు అది సరే, గ్రూపుకు నేను ఇష్టపడను.

సన్నటి క్రాస్‌హెయిర్‌నూ తీసిపారేయకండి. డాట్‌తో పాటు సన్నటి గీతలు కూడా ఉండే రెటికిల్సే ఎక్కువ. గీత ఉంటే గాలికి పక్కకు పట్టేటప్పుడు, అంటే ఫ్లాగు (గాలి ఎటు వీస్తోందో చూపే జెండా) చూసి "ఈసారి అర చిల్లు కుడికి" అనుకున్నప్పుడు, నిలువుగీతను రింగు అంచుకు ఆనించి కొలుచుకోవచ్చు. రైఫిల్ పక్కకు వాలిందో లేదో కూడా గీతే చెబుతుంది. ఉత్త క్రాస్‌హెయిర్‌తో మీలాంటి కంటికి వచ్చే చిక్కు ఒక్కటే: రెండు గీతలు కలిసే చోట కన్ను ఆనడానికి ఏమీ ఉండదు, సిలిండర్ ఉన్న కంటికి ఒక గీత మాయమైతే కలిసే చోటే తెలియదు.

ఇప్పుడున్న టాక్టికల్ స్కోపు చెడ్డదేమీ కాదు. అది వేరే పనికి పుట్టింది. దూరం మారుతూ ఉండే పోటీల్లో, మూడు వందల గజాల నుంచి వెయ్యి దాకా, మర తిప్పే టైము లేనప్పుడు ఆ కొమ్మగీతలతో ఎత్తు, గాలి పట్టుకుంటారు. మీ బల్లకూ కాగితానికీ మధ్య దూరం ఎప్పుడూ మారదు. ఆ గీతలన్నీ మీ బుల్స్ మీద గజిబిజి తప్ప ఇంకేమీ చేయవు. దాని క్లిక్కు, అంటే మర ఒక మెట్టు తిప్పితే గురి జరిగే మేర, 0.1 మిల్ (ఎంఓఏ లాంటిదే ఇంకో కోణం కొలత), అంటే 100 గజాల దగ్గర 0.36 అంగుళాలు, 50 దగ్గర 0.18. బెంచ్‌రెస్ట్ స్కోపుల్లో మామూలుగా ఉండే 1/8 ఎంఓఏ క్లిక్కు 100 దగ్గర 0.13 అంగుళాలే. గ్రూపు ఆటలో ఈ తేడాతో పోయేది లేదు, ఎక్కడ పడ్డా ఫరవాలేదు కాబట్టి. ఏఆర్ఏలో మాత్రం మీరు ఒక క్లిక్కు తిప్పితే దాదాపు ఒక చిల్లు వెడల్పు దాటిపోతున్నారు. "ఎటు తిప్పినా మధ్యకు రావడం లేదు" అని మీరు వాపోయారు కదా, కారణం ఇదే అయి ఉంటుంది.

ఇక దారులు. ఒకటి, డబ్బు పెట్టకుండా ఈ సీజను గడిపేయడం. కళ్ళు, అద్దాలు, ఫోకస్, పారలాక్స్ సరిచేసుకుని పాత స్కోపునే రెండు రైఫిల్స్‌కూ మార్చి మార్చి వాడటం. మీ కంటి సంగతి పూర్తిగా తేలాకే కొంటారు కాబట్టి తొందరపాటు ఉండదు. కానీ మార్చిన ప్రతిసారీ మళ్ళీ సైటింగ్ (గురి సరిచేసుకోవడం), తూటాల ఖర్చు, క్లిక్కుల చిరాకు భరించాలి.

రెండు, 36 పవరు దగ్గర ఫిక్స్‌డ్ (పవరు మారని) స్కోపు, 1/8 డాట్, సెకండ్‌హ్యాండ్. వీవర్ టీ-36, లూపోల్డ్ 36 లాంటివి బెంచ్‌రెస్ట్ వాళ్ళ చేతులు మారుతూనే ఉంటాయి. కొన్ని వందల డాలర్లలో దొరుకుతాయి, నచ్చకపోతే అమ్మితే పెద్దగా నష్టం రాదు. తేలిక. దీని వల్ల మీకు ఇంకో లాభం ఉంది. స్కోపు వెనక నుంచి కంట్లోకి వచ్చే కాంతి వెడల్పు ముందు అద్దాన్ని పవరుతో భాగిస్తే వస్తుంది. మీ 56 మిల్లీమీటర్ల స్కోపు 25 పవరులో 2.2 మిల్లీమీటర్లు ఇస్తోంది. 42 మిల్లీమీటర్ల స్కోపు 36 పవరులో అయితే 1.2. సూదిబెజ్జంలోంచి చూస్తే మసక తగ్గుతుంది కదా, అలాగే ఆ చిన్న కాంతిలో సిలిండర్ దోషం తక్కువగా తెలుస్తుంది. నష్టమూ ఉంది: బొమ్మ చీకటిగా ఉంటుంది, తల పెట్టే చోటు కొంచెం తప్పినా నలుపే కనిపిస్తుంది. కంట్లో తేలే దారపు పోగుల్లాంటి నీడలు ఈ వయసులో చాలామందికి ఉంటాయి, అవి బుల్ మీద ఈదుతూ కనిపిస్తాయి. మిరాజ్ ఎక్కువైన రోజున పవరు తగ్గించుకునే వీలు లేదు.

మూడు, 15-55 లాంటి పెద్ద వేరియబుల్ (పవరు మార్చుకోగలిగే) స్కోపు, మధ్యలో డాట్. నైట్‌ఫోర్స్ కాంపిటీషన్, సైట్రన్, మార్చ్ వాళ్ళవి ఈ జాతి. మిరాజ్ రోజున పవరు తగ్గించవచ్చు, చీకటి రోజున కూడా. డబ్బు బాగా ఎక్కువ, బరువూ ఎక్కువ. వీటిలో సాధారణంగా రెటికిల్ పవరు మార్చే అద్దాలకు వెనక పక్కన ఉంటుంది (సెకండ్ ఫోకల్ ప్లేన్). అంటే పవరు మార్చినా గీత కంటికి అంతే మందంగా కనిపిస్తుంది, కానీ కాగితం మీద కప్పే మేర మారుతుంది. 55లో 1/8 కప్పే డాట్ 27లో దాదాపు 1/4 కప్పుతుంది. మీ టాక్టికల్ స్కోపులో ఇది జరగదు, దానికి అలవాటుపడిన కన్ను మొదట్లో తికమకపడుతుంది.

నా మొగ్గు రెండో దారి వైపు. కానీ కొనే ముందు చూసి కొనండి. మ్యాచ్ రోజున అడిగితే "ఒకసారి చూస్తావా" అని కుర్చీ ఖాళీ చేసే మనుషులే ఈ ఆటలో ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి, మీ కన్ను బాగా అలిసిన టైములో అడగండి, పొద్దున తొమ్మిదింటికి వద్దు. కాల్చకుండానే ఒక పరీక్ష చేయవచ్చు: డాట్‌ను రింగు మధ్యలో పెట్టండి, చూపు పక్కకు తిప్పి ఫ్లాగులు చూసి మళ్ళీ స్కోపులోకి రండి. కన్ను వెంటనే మధ్యను పట్టుకుందా, సర్దుకోవడానికి ఆగిందా? పది సార్లు చేస్తే మీకే తెలుస్తుంది. అయిదు బుల్లెట్ల గ్రూపు ఒకటి చిన్నదిగా వచ్చిందని స్కోపును మెచ్చుకోకండి. అదే రైఫిల్, అదే తూటాలతో ఆ మర్నాడు రెట్టింపు గ్రూపు రావడం మామూలే.

రెటికిల్ ఆకారం కన్నా నాకు పెద్ద భయం అది కదలడం. దెబ్బదెబ్బకూ స్కోపు లోపలి అద్దాల గొట్టం వెంట్రుకవాసి జరిగితే చాలు, మీ గ్రూపు పాడు. ఈ బాధ పడలేక కొందరు లోపలి భాగాలను అతికించేసి, సర్దుబాటంతా బయట, స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటులో పెట్టుకుంటారు. సెకండ్‌హ్యాండ్ స్కోపు కొంటే, సరిగ్గా కొడుతుందని తెలిసిన రైఫిల్ మీద పెట్టి చూపించమని అమ్మేవారిని అడగండి. మొహమాటపడకండి.

పెద్దమనుషుల సంగతి. ఎవరి మాట వింటున్నారో చెప్పడానికి భయపడాల్సిన పని లేదు, మీకు కారణం ఉంది కాబట్టి. మొదటాయన దగ్గరికి వెళ్ళి ఆయన స్కోరు కాగితం మీద ఎక్స్ చుక్కను ఆయన స్కోపులోంచి చూపించమనండి. "నాకు గ్రూపు కాబట్టి డాట్ తీసుకుంటున్నాను, స్కోరుకు వస్తే మీ దారే" అని చెప్పండి. ఆయన ఆట మీకు అర్థమైందని ఆయనకు తెలుస్తుంది. ఇన్నేళ్ళు ఆడిన మనిషి దానికి నొచ్చుకుంటారని నేను అనుకోను. ఒకవేళ కాసేపు ముఖం ముడుచుకున్నా, వచ్చే మ్యాచ్‌లో ఫ్లాగులు పాతేటప్పుడు మామూలు అయిపోతారు.

ఇంట్లో లెక్క కూడా సులువే అనుకుంటాను. కళ్ళ డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళండి, ఆ తర్వాత టాక్టికల్ స్కోపు అమ్మకానికి పెట్టండి. ఆ డబ్బుతో 36 పవరు ఒకటి వచ్చి, కళ్ళజోడుకు కూడా మిగలవచ్చు. కొత్త డబ్బు అడగకుండా పని అయిపోతే ఆవిడ అభ్యంతరం దేనికి?

మధ్యలో ఒక మాట, ఇది మీకు కాదు, ఈ జవాబు చదివి ఉత్సాహపడే హెచ్-1బి కుర్రాళ్ళకు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడి రైఫిల్ పట్టుకునే ముందు కూడా లాయరును అడగండి.

చివరిగా మీరు అడగని విషయం. మీ 6 పీపీసీ లైట్ వార్మింట్ క్లాసుకు అన్నారు. ఆ క్లాసులో స్కోపుతో కలిపి రైఫిల్ బరువు పదిన్నర పౌన్లు దాటకూడదు. స్కోపు లేకుండా మీది 9 పౌన్ల 2 ఔన్సులని రాశారు. అంటే మీకు మిగిలింది 22 ఔన్సులు, అందులో స్కోపును పట్టి ఉంచే రింగులకు మూడు నాలుగు పోతే స్కోపుకు 18. ఫిక్స్‌డ్ 36 పవరువి చాలావరకు అందులో పడతాయి. 15-55 రకం పెద్ద స్కోపు పడదు, దాంతో అయితే పదమూడున్నర పౌన్ల హెవీ వార్మింట్‌లోనే ఆడాలి. అమ్మినాయన చెప్పిన బరువును నమ్మకుండా, క్లబ్బులోని తూకం మీదే రైఫిల్‌ను, మీరు వాడబోయే రింగులతో సహా పెట్టి చూసుకున్నాకే స్కోపుకు డబ్బు కట్టండి.